మొదటి ఏడాది కార్డులు అక్కర్లేని డాక్టరు గారు

మొన్న మ్యూనిక్ ట్రామ్‌లో నా పక్కన కూర్చున్న పిల్ల బబుల్‌గమ్ పొట్లం విప్పింది. ఆ తీయని, పిండిలాంటి వాసన తగలగానే జర్మనీలోనే ఉన్న ష్వైన్‌ఫర్ట్ ఊళ్ళోని డాక్టర్ వెంకటరత్నం గారి ముందుగది గుర్తొచ్చింది. ఆయన పోగుచేసే అమెరికా బేస్‌బాల్ కార్డులు ఆ రోజుల్లో గమ్ పొట్లాల్లోనే వచ్చేవి. అట్టముక్కకు ఒకవైపు ఆటగాడి బొమ్మ, రెండోవైపు అతను ఏ ఏడు ఎలా ఆడాడో ఉండేది. ఊళ్ళో అమెరికా సైనికుల బారక్స్ ఉండేది. తిరిగి వెళ్ళిపోయే సైనికులు తమ కార్డుల పెట్టెలను శనివారాలు జరిగే పాత సామాన్ల సంతలో వదిలించుకునేవారు.

అరవైల చివర్లో నేను సర్జరీ నేర్చుకోవడానికి అక్కడి ఆసుపత్రిలో ఆయన చేతి కిందికి వచ్చాను. ఆయనది కాకినాడ. ఒంటరి మనిషి, మాట తక్కువ. బారక్స్ కంచె బయట నిలబడి చూసి చూసి బేస్‌బాల్ అర్థం చేసుకున్నారు. ఒకసారి సంతలో నవ్వుతున్న కుర్రాడి కార్డు చూపించాను.

"ఇది తీసుకోండి సార్. ఇతను ఆడిన మొదటి ఏడాదిదట, అందరూ దీన్నే అడుగుతున్నారు."

"మొదటి ఏడు అందరూ బాగానే ఉంటారమ్మాయ్. ఇంకా ఏమీ జరగలేదుగా" అంటూ ఆయన ఒక నడివయసు ఆటగాడి కార్డు నా చేతిలో పెట్టారు. "ఇతనికి భుజం విరిగింది. ఇది ఆ తరవాతి ఏడాది కార్డు. నాకిది కావాలి."

"అయ్యో, పాపం."

"పాపం అనకు. వెనక్కి తిప్పి, ఆ ఏడు ఏం చేశాడో చూడు."

తిప్పి చూశాను. ఓడిన ఆటలే ఎక్కువ. కానీ ఆ ఏడంతా ఆడుతూనే ఉన్నాడు.

డెబ్బైల మొదట్లో ఒక ఉదయం బేరింగుల ఫ్యాక్టరీ కార్మికుడికి కడుపు ఆపరేషన్ చేస్తుండగా ఆయన కుడిచెయ్యి వణికింది. చేతిని పైకి తీసి, అది తనది కానట్టు కాసేపు చూశారు. "సరోజా, నువ్వు ముడి వెయ్యి" అన్నారు తెలుగులో. ఆ గదిలో మరెవరికీ ఆ మాట అర్థం కాలేదు. నేనే ముగించాను. రోగి బతికాడు. ఆ మధ్యాహ్నమే ఆయన పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, తనకు నరాల జబ్బు మొదలైందని, ఇక కత్తి పట్టనని చెప్పేశారు. కట్లు మార్చే గదిలో పని అడిగి తీసుకున్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే ఆ గది ముందు చూపు తిప్పుకొని నడిచేవారు. ఒక ముసలామె ఆయన ముఖం మీదే "అసలు డాక్టరు ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. ఆయన "ఆపరేషన్‌లో ఉన్నాడమ్మా, ఈలోగా నేను కట్టు మారుస్తాను" అన్నారు జర్మన్‌లో. కట్టు జారిపోతుంటే నర్సు కొస పట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు సార్ ఈ అవస్థ? ఇంటిపట్టున ఉండొచ్చుగా."

"పుండు కడగాలి కదమ్మా, ఎవరో ఒకరు."

ఆఖరి చలికాలంలో ఆయన వేళ్ళు అట్టముక్కను కూడా పట్టలేకపోయాయి. నేను కార్డులు ఒక్కొక్కటిగా ఎత్తి చూపిస్తుంటే కళ్ళతోనే చదివేవారు. ఆయన చనిపోయిన వారమే ఇంటి యజమాని గది ఖాళీ చేయించాడు. నేను వెళ్ళేసరికి కార్డుల పెట్టెలన్నీ పేవ్‌మెంటు మీద వానలో ఉన్నాయి. తడిసి అంటుకుపోయిన కార్డులను విడదీయబోతే బొమ్మలు ఊడి వచ్చాయి. కాసేపు ప్రయత్నించి వదిలేశాను.

తరవాత నేనూ కార్డులు పోగు చేశాను, కొద్దిగానే. ఎందుకు కావాలో నాకు నేను చెప్పుకోలేని కార్డు ఎంత చవకైనా కొనలేదు.

నా కుడికంటి చూపు మందగించిన ఏడు, ఎవరూ కనిపెట్టకముందే, ఇక కత్తి పట్టనని నేనే ఆసుపత్రిలో చెప్పేశాను. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. సోమవారం పొద్దున కట్లు మార్చే గదిలోకి వెళ్ళి ఏప్రన్ కట్టుకున్నాను. మొదట వచ్చినాయనకు చెయ్యి కాలింది. "కొంచెం నొప్పెడుతుంది, ఓర్చుకోండి" అని చెప్పి, పాత కట్టు విప్పడం మొదలుపెట్టాను.