అవ్వ చుట్టిచ్చిన ఆకు

పొగాకు వాడకం సర్వేలో పనిచేస్తున్నాను. ఏటా అవే ఇళ్లకు వెళ్లి, బీడీ నుంచి కొత్తగా వచ్చిన ఈ-సిగరెట్ దాకా ఎవరేం వాడుతున్నారో ట్యాబ్‌లో నమోదు చేయాలి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక ఇంట్లో అవ్వను అడిగితే, మొదటి రెండేళ్లూ "నాకే అలవాటూ లేదు పాపా" అంది. "లేదు" అని నొక్కాను.

మూడో ఏడు మిట్టమధ్యాహ్నం వెళ్లాను.

"ఎండన పడి వచ్చినావు. ఆకువక్క ఏసుకో" అంటూ అవ్వ తన సంచి విప్పి, ఆకు చుట్టి చేతిలో పెట్టింది. ఆమె మాట తీసేయలేక నమిలాను. కాసేపటికి మగ్గం చప్పుడు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది. ఎర్రటి పట్టుపోగులు మగ్గం విడిచి గాలిలో తేలాయి. వాటి వెంట నేనూ మెల్లగా తేలిపోయాను. కళ్లు తెరిచేసరికి నా తల అవ్వ ఒడిలో ఉంది, ముఖమంతా నీళ్లు.

"ఏం పెట్టినావవ్వా అందులో?"

"రోంత పొగాకు. దినామూ నేనేసుకునేదే. పంటినొప్పికి మందు పాపా, అదీ ఒక అలవాటేనా?"

అవ్వ జవాబు దిద్దాను. ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా ముందు ఆకువక్క సంచి చూపించమంటాను. అంతకుముందు ఎన్ని ఇళ్లలో అలాంటి సంచి పక్కనే కూర్చుని "లేదు" అని నొక్కి వచ్చానో.