కాడి దించినవాడు

ఖాజాగూడ చెరువుకట్ట మీద ఒక్క బండికే తోవ. ఎదురుబండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. పెంటయ్య ఇరవై ఏళ్లలో ఒక్కసారీ పోలేదు. ఎదురుబండి కనబడగానే కాడి దించి, ఎడ్లను కట్ట కిందికి మేతకు తోలి, బండి నీడన చుట్ట ముట్టించేవాడు. బరువున్న బండి ఎడ్లు లేకుండా కదలదు. కదిలే వీలున్నవాడే తిట్టుకుంటూ వెనక్కి పోవాలి. ఊళ్లో దీన్ని పౌరుషం అనేవాళ్లు. అది ఉత్త లెక్క.

పంతొమ్మిది వందల నలభై ఏడు, ఎండాకాలం. పట్నంలోని కార్వాన్‌లో గడ్డి దించుతుంటే కబురొచ్చింది: ఇంటికాడ కూతురు సీతాబాయికి రాత్రినుంచి పురిటినొప్పులు, మంత్రసాని చేతులెత్తేసింది, దవాఖానకు తేవాలని. పెంటయ్య ఖాళీబండిని తోలుకుంటూ వచ్చాడు.

కట్ట నడుమ రాతిబండల బండి ఆగి ఉంది. కాడి నేల మీదుంది. ఎన్నోసార్లు పెంటయ్యకు తోవిచ్చి వెనక్కి పోయిన నార్సింగి ఊరి బాలనర్సయ్య చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

"దూరం నుంచే నీ ఎడ్లను గుర్తుపట్టిన పెంటన్నా. ఇయ్యాల నేనే ముందు దించిన."

"బాలనర్సూ, జర తోవియ్యి. బిడ్డకు పానం మీదికొచ్చింది."

"పోయిన దసరాకు మీ అమ్మ సస్తున్నదంటివి. తెల్లారి అంగట్ల మిరపకాయలు అమ్ముతున్నది. నాతోనే బేరమాడింది."

ఒట్టు పెట్టినా, కాళ్లు పట్టుకున్నా అదీ వేషమే అవుతుంది. బండి వదిలి ఉరుకుదామంటే బిడ్డను ఎట్లా తేవాలి?

దిగి కాడి దించాడు.

బాలనర్సయ్య పకపకా నవ్వాడు. "అగో, నువ్వు గూడ దించినవా? ఇగ పొద్దుగూకేదాక ఇద్దరం ఈడనే."

పెంటయ్య ఎడ్లను పక్కకు తోలాడు. వాటిని వెనక్కి నడిపించేసరికి పొద్దుపోతుందని, కాడికి రొమ్ము ఆనించి ఖాళీబండిని తానే వెనక్కి నూకసాగాడు. కట్ట చివర ఇన్నూరు అడుగుల దూరం. చక్రం ఒకసారి అంచు దాకా జారింది. పళ్లు బిగబట్టి నిలబెట్టి మళ్లీ నూకాడు.

బాలనర్సయ్య నవ్వు ఆగిపోయింది. అబద్ధమాడేవాడు నోటితో ఎన్నైనా చెబుతాడు గానీ, పెంటయ్య ఉత్తగా వెనక్కి పోడు.

"ఆగన్నా, బండితో సహా చెరువుల పడ్తవు," అని లేచాడు. బండలను ఒక్కొక్కటే చెరువులోకి దొర్లించాడు. తేలికైన బండిని ఇద్దరూ ఎత్తి వాలు మీదికి దించి, పడిపోకుండా రాళ్లు పెట్టారు. తోవ దొరికేసరికి గంట దాటింది.

సీతాబాయి బతికింది. కడుపులోది దక్కలేదు. ఒక్క గంట ముందు తెస్తే బాగుండేదని దవాఖానలో డాక్టరమ్మ అంది. పెంటయ్య తల వంచుకుని విన్నాడు. ఆలస్యం ఎందుకైందని భార్య పోచమ్మ అడిగితే, తోవ బాగలేదన్నాడు.