దాపటి ఎద్దు

నరసరావుపేటలో ఇస్మాయిల్ బాబాయి పేరు చెబితే యాభై దాటిన వాళ్ళకి ఎద్దులు గుర్తొస్తాయి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ట్రాక్టర్ ట్రక్కుల వెనకా, లారీల తలుపుల మీదా, ఎరువుల కొట్ల బోర్డుల మీదా కనిపించిన ఎద్దులన్నీ ఆయన చేతివే. ఫొటో ఇచ్చి గీయమంటే ఆయనకి ఒళ్ళు మండేది. ఊరెళ్ళి, ఆ గొడ్డు ముందు గంటసేపు గొంతుక్కూర్చుని, అది గడ్డి ఎలా నములుతుందో చూసొచ్చి గీసేవాడు. ఒక ఎద్దులా ఇంకో ఎద్దు ఉండదనేవాడు.

ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచెకి పని పోయింది. ఆ ఫ్లెక్సీలు చేసే కంప్యూటర్ల ముందు కూర్చున్న వాళ్ళలో నేనూ ఒకదాన్ని. మాది ఆయన పక్కిల్లే. అక్షరాలు తీరుగా రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. విద్య నేర్పినవాడి అన్నంలోనే మన్ను పోశానని మా అమ్మ నవ్వుతూ అనేది. అప్పుడు నేనూ నవ్వేదాన్ని.

ఇప్పుడు సుధీర్ బాబు గారి టీషర్టుల షాపులో డిజైన్లు చేస్తున్నాను. చేత్తో గీసిన బొమ్మని స్కాన్ చేసి, గీతలు శుభ్రం చేసి, గుడ్డ మీద అచ్చుకి పనికొచ్చేలా తయారుచేయడం నా పని. పోయినేడు నకరికల్లు నుంచి వెంకట్రామయ్య గారు వచ్చారు. బండలాగుడు పోటీల్లో ఆయన జతకి పేరుంది. ఆ జతలో ఎడమ పక్క కట్టే దాపటి ఎద్దు పొట్ట ఉబ్బి రెండు రోజుల్లో పోయిందట. దాని బదులు కొత్తది కొన్నారు. కానీ తిరునాళ్ళ పోటీలకి తన మనుషులంతా పాత జత బొమ్మ ఉన్న చొక్కాలు వేసుకు రావాలని ఆయన పట్టుదల. అరవై చొక్కాలు కావాలన్నారు. బొమ్మ మాత్రం ఇస్మాయిలే గీయాలన్నారు. ఆ రెంటినీ కోడెదూడలప్పటి నుంచీ చూసినవాడు ఆయనే మరి.

బాబాయికి డెబ్భై దాటాయి. చేయి వణుకుతుంది. ఆయన అన్నగారు చివరి రోజుల్లో కన్నబిడ్డల పేర్లు కూడా మరిచిపోయి కన్నుమూశాడు. తనకీ అదే గతి పడుతుందేమోనని బాబాయికి లోపల భయం. అందుకని ఈ బొమ్మని తనకి తాను పెట్టుకున్న పరీక్షలా తీసుకుని తొమ్మిది రోజులు గీశాడు. తెచ్చి నా బల్ల మీద పరిచాడు. కుడి పక్క కట్టే వలపటి ఎద్దు తిన్నగా ముందుకి చూస్తూ నిలబడి ఉంది. దాపటిదానికి ఒక కొమ్ము కాస్త కిందికి వాలింది, చెవి అంచు చిరిగింది, మెడ తన జోడు వైపు తిప్పి ఉంది.

"పెద్దోడు అట్టాగే చూసేవాడమ్మా, పక్కోడు వస్తన్నాడా లేదా అని," అన్నాడు బాబాయి, దాపటిదాని మీద వేలు పెట్టి.

పెన్సిల్ గీత పలచన, పైగా వణుకు. కంప్యూటర్ ఆ గీతల్ని నూకలు చేసిపెట్టింది. ఇక ఒక్కో గీతనీ కూర్చుని సరిచేయాలి. వలపటిది పూర్తయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. మర్నాడు పొద్దున్నే చొక్కాలు ఇవ్వాలి. దాపటిది ఇంకా కష్టం, ఆ వాలిన కొమ్ము దగ్గరా మెడ మడతల దగ్గరా గీత మీద గీత. నేను చేసిన పని చెబుతాను. పూర్తయిన ఎద్దుని కాపీ చేసి, అద్దంలో కనబడినట్టు అటు తిప్పి, పక్కన పెట్టేశాను. నిమిషం పట్టలేదు. బొమ్మ అటూ ఇటూ సమానంగా, ముచ్చటగా కుదిరింది. సుధీర్ బాబు గారు భలే ఉందన్నారు. ఎద్దు మొహం ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాను. పల్నాడులో పుట్టి అలా అనుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మర్నాడు వెంకట్రామయ్య గారు మొదటి చొక్కా మడత విప్పి చూశారు. వెలుతురులోకి తీసుకెళ్ళి మళ్ళీ చూశారు. తన బొమ్మ చూసుకుందామని బాబాయి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఇస్మాయిలూ, ఇవి రెండూ వలపటిదే గదా. మా పెద్దోడేడి?" అన్నారు వెంకట్రామయ్య గారు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

బాబాయి చొక్కాని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నేను రెండూ ఒకటే గీశానా?"

అసలు కాగితం నా సొరుగులోనే ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది. కానీ పక్కన సుధీర్ బాబు గారున్నారు, ఎదురుగా అరవై చొక్కాలున్నాయి, నాకు నా ఉద్యోగం ఉంది.

"అట్టాగే ఉంది బాబాయ్," అన్నాను.

ముసలాయన నొచ్చుకుంటాడని వెంకట్రామయ్య గారు మారుమాట లేకుండా చొక్కాలు తీసుకెళ్ళారు. బాబాయి గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతికాడు. అవి ఆయన కాళ్ళకే ఉన్నాయి.

ఆ తర్వాత ఆయన పెన్సిల్ ముట్టుకోలేదు. తన కాగితం కూడా నన్ను అడగలేదు. అడగడానికి భయపడ్డాడని ఇప్పుడు తెలుస్తోంది. దారి తప్పుతానేమోనని ఒంటరిగా బజారుకి వెళ్ళడం మానేశాడు. పొద్దున లేవగానే మనవల పేర్లు వరసగా అప్పజెప్పుకుంటున్నాడని ఆయన భార్య పీరాంబీ పిన్ని చెప్పి బాధపడేది. నేను తేలు కుట్టిన దొంగలా వినేదాన్ని. రేపు చెబుదామనుకునేదాన్ని. రేపటికి ఇంకో రోజు ఆలస్యమైన సిగ్గు వచ్చి చేరేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

పోయిన నెల పిన్ని మా ఇంటికి ఒక సంచీ తెచ్చింది. లోపల బాబాయి కుంచెలున్నాయి, కడిగి, గుడ్డలో చుట్టి. ఇక తనకి పనికిరావని, నాకైతే జాగ్రత్తగా చూసుకునే బుద్ధి ఉందని, నాకే ఇమ్మన్నాడట. ఆ మాటతో ఇక దాచడం నా వల్ల కాలేదు.

షాపుకి పోయి ఆ కాగితం తెచ్చి, ఆయన మంచం మీద పరిచాను. కాపీ చేసిందీ, తిప్పిందీ, అబద్ధమాడిందీ అంతా చెప్పాను. తిట్టినా కొట్టినా పడదామనే కూర్చున్నాను. ఆయన నా వంక చూడనే లేదు. వాలిన కొమ్ము మీద వేలు పెట్టాడు. చెవి అంచు తడిమాడు. మెడ దాకా వచ్చి ఆగాడు.

"నేను మరిచిపోలా," అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి పిలిచాడు. "ఏమే, ఇట్టా రా. నేను మరిచిపోలా. చూడు, పెద్దోడు."

ఆయనకి ఎంత సంతోషమంటే, నన్ను తిట్టాలన్న ధ్యాసే రాలేదు. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను తలెత్తలేకపోయాను.

పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. కాగితాన్ని చూసింది, ఆయన్ని చూసింది. విషయమంతా ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అప్పుడు నన్ను చూసింది.

"పదకొండు నెలలమ్మా," అంది. "మన రెండిళ్ళకీ మధ్యన గోడే గదా ఉంది."