డీజిల్ ముల్లు, బండి తాళంచెవి

మొన్న శామీర్‌పేట దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు, నా ముందున్న కొత్త పికప్ డ్రైవరు బండి ఇంకెంత దూరం నడుస్తుందో తెర మీద అంకెల్లో చూసుకుని, సరిపోయేంత డీజిల్ పోయించుకుని వెళ్లిపోయాడు. మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటి పాత బండ్లలో ఆ సంగతి చెప్పడానికి ఒక ముల్లు మాత్రమే ఉండేది. మా బండిలో అదీ అబద్ధమే చెప్పేది.

నేను దుండిగల్ దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్న రోజులవి. నాయిన మా చేలో పండిన టమాటాలను పాత పికప్‌లో మేడ్చల్ మార్కెట్‌కు తోలేవాడు. నాకు లైసెన్సు వచ్చినా పక్క సీటే గతి. అక్క పెళ్లయ్యాక మాత్రం, బౌరంపేట నుంచి బావ వచ్చీ రాగానే, అడగకముందే నాయిన తాళంచెవి ఆయన చేతిలో పెట్టేవాడు. కూరలో మంచి ముక్కలు బావ కంచంలో పడితే నాకేమీ అనిపించేది కాదు, అల్లుడికి అది మర్యాద. తాళంచెవి దగ్గర మాత్రం నా కడుపు మండిపోయేది.

పెళ్లయిన తొలి దసరాకు బావ ఆ బండికి రంగు వేయించాడు. అందరూ పైన మాత్రమే వేయిస్తారు కదా, ఆయన పూజకు నిలబెట్టే బండి అని ట్యాంకు కూడా దింపించి, అడుగంతా నల్లరంగు దట్టంగా పట్టించాడు. వాడకట్టంతా వచ్చి వంగి వంగి చూసింది. నాయిన కనబడ్డ వాళ్లందరికీ అల్లుడి సంగతే చెప్పాడు. ఆ పండుగ తర్వాత నుంచే, ట్యాంకు నిండా పోయించినా ముల్లు కింది గీత దగ్గరే పడి ఉండేది. దాన్ని నమ్మడం మానేశాం. ఒక ఉదయం నిజంగానే డీజిల్ అయిపోయి, టమాటా ట్రేలతో నడిరోడ్డు మీద నిలబడ్డాం.

ఇంటికొచ్చాక నాయిన "ఇగ అమ్మేద్దాం గీ బండిని" అన్నాడు. "పాత బండికి ముల్లెందుకు మామా, అందాజుతోని నడుపుదాం" అన్నాడు బావ. నేను చూస్తానన్నాను. బాగుచేస్తే తాళంచెవి నాకే వస్తుందని నా లెక్క.

ఒక వరుసలో వెళ్లాను. ట్యాంకు దగ్గర మీటరు వైరు ఊడదీసి బండి ఇనుముకు తాకిస్తే ముల్లు నిండుగా లేచింది, అంటే మీటరు, వైరు మంచివే. ట్యాంకులో డీజిల్‌తో పాటు తేలే ఫ్లోటును బయటికి తీసి చేత్తో లేపి దింపితే మల్టీమీటరులో అంకెలు సాఫీగా మారాయి, అదీ మంచిదే. ఇక మిగిలింది ట్యాంకు నుంచి చాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి పోయే ఎర్తు వైరు. దాని బోల్టు విప్పితే కింద బావ వేయించిన నల్లరంగు. కరెంటుకు దారి లేకుండా అడ్డం పడింది అదే. పరీక్షలో ఫస్టు వచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

వెంటనే గీకలేదు. ముందు నాయినను, బావను పిలిచి చూపించాను. బావ ముఖం మాడిపోతుందనుకున్నాను. ఆయన బండి కిందికి వంగి చూసి, "దొంగను పట్టిచ్చిండు మామా బామ్మర్ది. గీనకు పిల్లనిచ్చేటోడు మస్తు పరేషాన్ అయితడు" అని పగలబడి నవ్వాడు. నాయినా నవ్వాడు. "పాపం, అల్లుడు మంచికే జేయించిండు."

రంగు గీకి, బోల్టు బిగించాను. ముల్లు నిదానంగా లేచి సగం దాటి నిలిచింది. నాయిన నా భుజం తట్టి, జేబులోంచి తాళంచెవి తీశాడు. నేను చెయ్యి చాచబోయాను కూడా.

"చిన్నోడు మంచిగ జేసిండు. ఇగ తొవ్వల ఆగుతదన్న ఫికరు లేదు. అల్లుడూ, బౌరంపేటకు నువ్వే తీస్కపో, నీ పనికి అక్కరకొస్తది."

నేను బాగుచేసిన బండి అట్లా బావతో వెళ్లిపోయింది.

ఇప్పుడు మా చేను చుట్టూ విల్లాలు లేచాయి, బావ ప్లాట్ల వ్యాపారంలో స్థిరపడ్డాడు, ఆ పికప్ తుక్కుకు పోయింది. నాకు కొంపల్లిలో ఉద్యోగం, సొంత కారు. నాయినకు చూపు తగ్గింది కనుక ఆసుపత్రికైనా పెళ్లికైనా నేనే తీసుకెళ్తాను, నా పక్కన కూర్చుని నిశ్చింతగా కునుకు తీస్తాడు. ఆనాడు కోరుకున్నదాని కంటే ఇది ఎక్కువేనని నాకూ తెలుసు. కానీ ఈ తాళంచెవి నేను కొనుక్కున్నది. ఆ వాకిట్లో, బావ చూస్తుండగా, నాయిన జేబు వెచ్చదనంతో నా చేతికి రావలసినది మాత్రం ఇంక రాదు.