సాయన్న పుస్తకంలో అందరికీ వాటా

“గీ పుస్తకం ఎవలు సదువుతరే, సాయన్నా?”

ఇబ్రహీంపట్నంలో పెళ్లిపత్రికలు అచ్చువేసే ఈశ్వరయ్య అడిగిన మాట ఇది. అందులో ఎగతాళి లేదు. కాగితానికి తన డబ్బు పెట్టబోయే మనిషి అడగవలసిన ప్రశ్నే. “నువ్వు అచ్చెయ్యే, సదివేటోళ్లు దొరుకుతరు” అన్నాడు సాయన్న. చదివేవాళ్లు ఎక్కడో చేతులు కట్టుకుని కూర్చొని ఉంటారనీ, పుస్తకమే నడుచుకుంటూ పోయి వాళ్లను పలకరిస్తుందనీ ఆయన అనుకున్నాడు. రాసేవాళ్లంతా లోపల అనుకునేదే. సాయన్న పైకి అన్నాడు, అంతే.

సాయన్నకు యాభై రెండేళ్లు. పెద్దచెరువు మీద చేపలు పట్టే సంఘంలో సభ్యుడు. పదో తరగతి దాకా చదివాడు. చెరువు ఎండిన ఏళ్లలో బడంగ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. అక్కడే, గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే రిజిస్టరు వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాడు. ఏ చేప ఏ మూల గుడ్లు పెడుతుంది, వల కట్టేటప్పుడు ఏ ముడి ఎందుకు వేస్తారు, నీళ్లు లేని ఏళ్లలో ఎవరెవరు ఏ కూలికి పోయారు, అటక మీది వలల్ని ఎలుకలు ఎట్లా కొట్టేశాయి. చెరువు నిండి మళ్లీ వల పట్టే నాటికి నూట పన్నెండు పేజీలైంది. పేరు ‘వల దిగినంత లోతు’.

మూడు వందల కాపీలకు ఇరవై నాలుగు వేలు అన్నాడు ఈశ్వరయ్య. సాయన్న ఎనిమిది వేలు ఇచ్చి వంద కాపీలు తెచ్చుకున్నాడు. మిగిలిన రెండు వందలు, యాభై చొప్పున నాలుగు కట్టలు, ప్రెస్సులోనే ఉండిపోయాయి. కట్టకు నాలుగు వేలు కట్టి ఒక్కొక్కటీ విడిపించుకోవాలి. శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు తీసుకుపోకపోతే పాత కాగితాలవాడికి కిలోల లెక్కన అమ్మేస్తానని ఈశ్వరయ్య ముందే చెప్పాడు. ఆయన దుర్మార్గుడు కాడు. ఆయనకున్నది పదడుగుల గది.

ఆవిష్కరణ జరిగింది. ముగ్గురు పెద్దమనుషులకు శాలువాలు కప్పారు. ఒకరు ‘మట్టి గొంతుక’ అన్నారు, ఒకరు ‘అట్టడుగు ఆక్రోశం’ అన్నారు, మూడో ఆయన అది కవిత్వమనుకుని రెండు వాక్యాలు రాగం తీశారు. పుస్తకంలో ఆక్రోశం లేదు, ఎలుకలున్నాయి. పోయేటప్పుడు వేదిక మీదివాళ్లూ కిందివాళ్లూ తలా ఒకటి పట్టుకుపోయారు. ఆ పూట అరవై కాపీలు పోయాయి, పైసా రాలేదు. సాయన్న భార్య కాశమ్మ సాగర్ రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. “షాలువలు గూడ మనమే కొంటిమి” అంది.

కాశమ్మ దగ్గరికి ఆదివారాలు కొర్రమట్ట చేప కోసం బడంగ్‌పేట్ నుంచి వచ్చేవాడు ఫణి. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. దుకాణాలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడపడం అతని ఉద్యోగం. త్రాసు పక్కన పుస్తకం చూసి, సంగతి విని, జాలిపడ్డాడు.

“మీకు ఆన్‌లైన్‌లో ఉనికి లేదండీ సాయన్న గారూ. రచయిత అంటే ఇప్పుడు ఒక బ్రాండు. రోజూ ఒక పోస్టు పడాలి.”

“రోజు ఏం చెప్పాలె సారు? పుస్తకంల చెప్పిన గద.”

“పుస్తకం గురించి కాదండీ. మీ గురించి చెప్పాలి.”

“నా గురించి ఏముంటది? చాపలు పడత.”

“అదేనండీ కావాల్సింది.”

ఈ సలహా చెప్పులమ్మేవాడికి పనికొస్తుంది. దుకాణం పేజీ చూసినవాడు దుకాణానికి వస్తాడు. రచయిత పేజీ చూసినవాడు ఇంకొకరి పేజీకి పోతాడు. ఈ తేడా చెప్పకుండానే ఊరూరా వర్క్‌షాపులు నడుస్తున్నాయి.

ఫణి ఫోను పట్టుకుంటే సాయన్న మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డాడు, ఒక చేతిలో కొర్రమట్ట, ఒక చేతిలో పుస్తకం. కొర్రమట్ట ఊరుకునే చేప కాదు. పుస్తకం చెరువులో పడింది. “ఇదే బాగుందండీ, ఇదే పెడదాం” అన్నాడు ఫణి. ఆ వీడియోను నలభై వేల మంది చూశారు. కింద మూడొందల వ్యాఖ్యలు. కిలో ఎంత? ఆదివారం ఉంటదా? నాదర్‌గుల్‌కు తెచ్చిస్తరా? ఒకాయన మాత్రం చేతిలో ఆ బుక్కేందని అడిగాడు. ‘లెక్కల బుక్కు కావొచ్చు’ అని ఇంకొకాయన జవాబిచ్చాడు. సాయన్న ఒక్కొక్కరికీ ఓపికగా ధర రాశాడు. ఆ ఆదివారం కాశమ్మ గంప పదకొండింటికే ఖాళీ అయింది. పుస్తకం ఒక్కటి పోలేదు, చెరువులో పోయింది తప్ప.

“చూశారా, ఎంతమందికి చేరిందో” అన్నాడు ఫణి.

“చేరింది సారూ, చాపల సంగతి” అంది కాశమ్మ. “గీయన రాసింది చాపలు సదువుతయా?”

పని వేరే దారిన అయింది. సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. వల ఎప్పుడు దింపుతారో చెప్పుకోవడానికి పెట్టుకున్నది. చూపు తగ్గిన పాత సభ్యుడు బుచ్చి అందులో మాట రికార్డు చేసి పంపాడు: “ఏమ్రా సాయన్నా, నాకు కండ్లు కనవడవు. జర సదివి పెట్టు.” మధ్యాహ్నం పని దిగాక సాయన్న చెరువు కట్ట మీద కూర్చొని రెండు పేజీలు చదివి పంపాడు. మర్నాడు నలుగురు అడిగారు, ఎలుకల తర్వాత ఏమైందని. పది రోజుల్లో ఆ గొంతు యాచారం, మంచాల చెరువుల సంఘాల దాకా పోయింది. తండ్రులు వలలు పట్టి, తాము బాలాపూర్‌లో ఆటోలు నడుపుకుంటున్నవాళ్లు విన్నారు. మెచ్చుకోలేదు, కొట్లాడారు. “ముడి గట్ల కాదే, మా దిక్కు రెండు సుట్లు తిప్పుతం” అని ఒకరు, “మీ దిక్కు వలలు అందుకే పలుగుతయ్” అని ఒకరు. పాఠకులు దొరకడమంటే ఇదే. తన మాట తెలిసినవాడికి చెబితే వాడు ఎదురు మాట్లాడతాడు. నలభై వేల మంది చూపు కంటే ఆ ముడి మీద కొట్లాట విలువైనది. మిగిలిన ముప్పై తొమ్మిది కాపీలు నూట ఇరవై చొప్పున పదిహేను రోజుల్లో పోయాయి. సాయన్న నాలుగు వేలు కట్టి మొదటి కట్ట ఇంటికి తెచ్చాడు.

అంతటితో ఊరుకుంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఆ సంఘంలో వల ఒడ్డు చేరాక, పనికి వచ్చినవాడికీ వాటా, రానివాడికీ వాటా. జ్వరంతో పడుకున్నవాడికి పడుతుంది, మొగుడు పోయిన ఆడమనిషికి పడుతుంది. చెరువు అందరిది గనుక. “రోజు రెండు పేజీలేందిరా?” అన్నాడు బుచ్చి. “చెరువు మీద రాసినవ్. అందరికి వాటా ఎయ్యవా?” సాయన్న ఫోను తీశాడు. తప్పులు దిద్దడానికి ఈశ్వరయ్య పంపిన ఫైలు అందులో ఉంది. మొత్తం పుస్తకాన్ని గ్రూపులో పెట్టేశాడు.

ఫణి తల పట్టుకున్నాడు. “పీడీఎఫ్ ఎవరైనా ఊరికే పెడతారాండీ?”

“వాటా ఎట్ల ఆపుత సారు?”

ఇక్కడ ఆయన్ను పొగడాలని కొందరికి అనిపిస్తుంది. జ్ఞానం అందరిదీ అంటారు. అలా అనేవాళ్లు కాగితం ఖర్చు పెట్టుకోరు. చేపకు వాటాలు వేస్తే చేప అయిపోతుంది, పంచడం ఆగుతుంది. ఫైలు అయిపోదు. వారంలో అది సంఘాలు దాటి, కాలేజీల రోడ్డులోని ఒక జిరాక్స్ దుకాణానికి చేరింది. కౌంటరు మీద స్పైరల్ బైండింగ్‌తో ‘వల దిగినంత లోతు’, తొంభై రూపాయలు. ఇంట్లో కట్టలో నుంచి కాపీ కదలడం ఆగింది.

సాయన్న తేల్చుకోవాలనే పోయాడు.

“గిదెక్కడిదన్నా?” అని అడిగాడు.

“ఎక్కడిదో. మస్తు అడుగుతున్నరు. కావాల్నా?” అన్నాడు దుకాణం ఆయన.

సాయన్న తిరగేశాడు. “నలభై ఒకటో పేజీ లేదు.”

“ఒక్క పేజీ లేకుంటె ఏమైతదే?”

“చిక్కువడ్డ వల ఎట్ల ఇప్పాల్నో అండ్లనే ఉంది. మళ్ల తీయ్.”

తీశాడు. సాయన్న పక్కన నిలబడి కౌంటరు మీదున్న ఆరు కాపీలకూ పేజీల వరుస సరిచూసి, ఇంటికి వచ్చి జరిగింది చెప్పాడు.

“నువ్వు పోయింది కొట్లాటకా, కూలికా?” అంది కాశమ్మ.

ఆ రోజు ఫోను ఆమె తీసుకుంది. గ్రూపులో పదకొండు సెకన్లు మాట్లాడింది: “నేను కాశమ్మను. చాపల వాటా మీకు వోతనే ఉంటది. బుక్కుకు వాటా లేదు, ఉద్దెర లేదు. నూట ఇరవై. కావాల్నంటె నా గంప కాడికి రాండ్రి.” ఫణి నేర్పిన ఏ పద్ధతీ అందులో లేదు. ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. అందులో ఇద్దరి చేతుల్లో జిరాక్స్ కాపీలున్నాయి, ఇంట్లో పెట్టుకోవడానికి అసలుది కావాలన్నారు. నెలన్నరలో కట్ట ఖాళీ అయింది. రెండో కట్ట వచ్చింది.

దాని తాడు విప్పిన వారానికే శ్రావణం వచ్చింది. ఈశ్వరయ్య ఫోను చేశాడు: “పత్రికలు పెట్ట జాగ లేదు. పాత కాగితాలాయన ఇయ్యాల వస్తుండు.”

సాయన్న దగ్గర వెయ్యి రూపాయలున్నాయి. అవి పట్టుకుపోయి ప్రెస్సు గడపలో కూర్చున్నాడు.

“రెండు కట్టలు తూకమేస్తె పదిహేను కిలోలు. నీకెంతొస్తది?”

“రెండొందలు.”

“నాకిస్తె గీ వెయ్యి వోను ఏడు వేలు బాకి ఉంట. సూసుకో.”

“బాకి పైసలేనా సాయన్నా?”

“రెండొందలు పైసలేనా?”

ఈశ్వరయ్య వెయ్యి లెక్కపెట్టుకుని, రెండు కట్టలూ తనే ఎత్తి సాయన్న బండి మీద పెట్టాడు. కాశమ్మ గంప దగ్గర వారానికి రెండో మూడో పోతున్నాయి. వచ్చిన డబ్బులు కొత్త వలకూ ఇంటి ఖర్చుకూ పోతున్నాయి. ప్రెస్సుకు ఇంకా ఏడు వేల రూపాయలు బాకీ.