నరసమ్మ వీధిలో విదేశీయులు లేరు

అది 2014. విజయనగరంలో ఒక విశ్వవిద్యాలయం. అందులో విదేశీ విద్యార్థుల విభాగానికి నేను అధిపతిని. విభాగమంటే పెద్ద పెద్ద గదులు ఊహించుకోకండి. అకౌంట్సు గదిలో కిటికీ పక్కన ఒక టేబులు, ఒక బీరువా, నేను. అధిపతినన్నది కూడా కొంచెం ఎక్కువే, సీనియర్ అసిస్టెంటును. నా చేతిమీదుగా మూడు వందల వీసా ఫైళ్లు నడిచాయని బంధువులతో చెబుతుంటాను. నిజానికి ముప్పై దాటవు. ఆ ముప్పైలో ఒకటి నాకు ముచ్చెమటలు పట్టించింది.

చదువుకోవడానికి వచ్చే విదేశీయులకు పాస్‌పోర్టులో స్టూడెంట్ వీసా వేసి ఇస్తారు. ఇక్కడికి వచ్చాక జిల్లా పోలీసు ఆఫీసులో పేరు నమోదు చేయించుకుంటే రెసిడెన్షియల్ పర్మిట్ వస్తుంది. ఫలానా ఇంట్లో, ఫలానా తేదీ దాకా ఉండవచ్చునన్న కాగితం అది. ఆ తేదీకి చదువు పూర్తికాకపోతే, గడువు ముగియకముందే ఎక్స్‌టెన్షన్ అడగాలి. విద్యార్థి మా దగ్గర చదువుతున్నట్టు మేము బోనఫైడ్ సర్టిఫికెట్ ఇస్తాం. తన ఇంట్లో ఉంటున్నట్టు ఇంటి యజమాని ఫారం సి ఇస్తాడు. ఆ రెండూ నిజమో కాదో పోలీసులు వచ్చి చూసుకుంటారు. తేదీ దాటి ఒక్క రోజు ఉన్నా తిప్పలే.

నీమా టాంజానియా నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. వానాకాలంలో, ఎండ లేనప్పుడు, మన తీరంలోని ఆడవాళ్లు చేపలు ఎలా ఎండబెడతారన్నది ఆమె ఎంచుకున్న విషయం. హాస్టల్లో కూర్చుంటే అది తెలియదు గనుక, పూసపాటిరేగ దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెలో నరసమ్మ ఇంట్లో గది కుదిర్చాం. నరసమ్మది ఎండుచేపల వ్యాపారం. ఆమె గొంతెత్తితే పడవలో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూడాల్సిందే. ఏడాది తిరిగేసరికి నీమా ఆమెను "అత్తా" అని పిలుస్తూ, మా ఆఫీసుకు వచ్చి "బాబూ, నా కాయితం ఏటైనాది?" అని నిలదీసేంత తెలుగు నేర్చేసింది.

మొదటి వానాకాలం ఆమెకు ఆ భాష నేర్చుకోవడానికే సరిపోయింది. పర్మిట్ జూన్ నెలాఖరుతో సరి. రెండో వానాకాలానికి ఇక్కడ లేకపోతే పరిశోధన సగంలో వదిలేసి విమానం ఎక్కడమే. అందుకే నెలన్నర ముందే దరఖాస్తు పంపాను. ఇందులో నా ముందుచూపేమీ లేదు. రోజూ ఫోన్ చేసి ఆ పిల్లే నాచేత పంపించింది.

గడువు తొమ్మిది రోజులు ఉందనగా పోలీసు ఆఫీసు నుంచి కబురొచ్చింది. వెళితే ఇన్‌స్పెక్టరుగారు ఫైలు నావైపు తిప్పారు. కానిస్టేబులు రిపోర్టు ఇలా ఉంది: "సదరు చిరునామాలో గాని, సదరు వీధిలో గాని విదేశీయులెవరూ నివసించుట లేదు. పదకొండు ఇళ్లవారిని విచారించితిని. ఎరుగమనిరి."

"ఫారం మీద వేలిముద్ర వేసిన ఆవిడే ఎరగనందటండీ," అన్నారాయన. "ఇంట్లో లేని మనిషికి ఇంకో ఏడాది ఉండమని నేనెలా రాయను?"

ఆ విచారణ రోజున నీమా తన గైడును కలవడానికి విజయనగరం వచ్చి ఉంది. ఫైలు చూసిన సాయంత్రమే నేను బస్సెక్కి పల్లెకు వెళ్లాను. నరసమ్మ చేపలు తిరగేస్తోంది.

"నరసమ్మా, పోలీసాయనకు ఏం చెప్పావు?"

"ఏటీ సెప్పనేదు. అలాటోలు ఎవలూ నేరన్నాను."

"అయ్యో, ఎందుకలా అన్నావు?"

"నువ్వే గదా! పిల్లని దింపిన రోజున ఈ అరుగు మీద కూకోని, పోలీసులొస్తే ఒక్కలూ నోరిప్పొద్దు, నా పేరు సెప్పండి, మిగతాది నాను సూసుకుంటానన్నావా నేదా?"

అన్నాను. అవసరం లేకుండా అన్నాను. నాకు పోలీసుల దగ్గర చాలా పలుకుబడి ఉందని ఆ వీధి అనుకోవాలని అన్నాను.

"మరి నా పేరు చెప్పలేదేం?"

"నీ పేరు ఎవలికి గురుతుంటాది బాబూ? నోరిప్పొద్దన్నది గురుతున్నాది."

పక్కింటి అప్పయ్యమ్మ గర్వంగా అందుకుంది. "జీపు సూడగానే పిల్ల బట్టలు తీగ మీంచి లాగేసినాం. సెప్పులు నా గంపలో ఏసేసినాను. కుక్కకి గూడా తెలనేదు."

అందరూ నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ నీమా నవ్వలేదు. "తొమ్మిది రోజులే ఉన్నాది అత్తా. కాయితం రాకపోతే నాను ఎల్లిపోవాల."

నరసమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "ఎల్లిపోవాలా? నానన్న మాటకా?" అని, కొంగు దులుపుకుని లేచింది. "రేపు తెల్లారి మొదటి బస్సుకి నాను ఆఫీసుకొస్తాను."

మర్నాడు బస్సులో పక్కన కూర్చుని ఆమెకు పాఠం చెప్పాను. కానిస్టేబులు ఏమడిగాడో సరిగ్గా వినబడలేదు, అందుకని అలా అన్నాను, అని చెప్పమన్నాను. ఎందుకంటే అందులో నా ఊసు ఉండదు. ఆమె తలూపింది. ఇన్‌స్పెక్టరుగారి ముందు చేతులు జోడించి నిలబడింది.

"బాబూ, అబద్దమాడినాను. ఆడించింది ఈ బాబే. ఈరోజు బస్సులో ఇంకోటి గూడా నేర్పినాడు గానీ, అది నాకు నోరు తిరగనేదు."

ఇన్‌స్పెక్టరుగారు నావైపు చూశారు. నేను ఫ్యానువైపు చూశాను. ఆయన ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసి, "జరిగింది రాయండి," అన్నారు. రాశాను. నా ఉద్యోగ జీవితంలో అలంకారాలు లేకుండా రాసిన కాగితం అదొక్కటే.

కానిస్టేబులు మళ్లీ విచారణకు వెళ్లాడు. ఈసారి వీధి వీధంతా నోరు విప్పింది. అతనికి కావలసింది ఇద్దరు సాక్షులు. అతని ముందు వరస కట్టింది పదకొండు ఇళ్లు.

"సేపల పులుసు తింతాది, రాసుకో బాబూ."

"అమ్మా, తిండి సంగతి అక్కర్లేదు."

"మొన్న నీకు కూకోడానికి ఏసింది పిల్ల పెట్టే. పైన బొంత పరిసినాం. అది గూడా రాసుకో."

అది మాత్రం రాయలేదని తర్వాత నాకు చెప్పాడు.

గడువుకు రెండు రోజుల ముందు పర్మిట్ వచ్చింది. నా ఒక్క ఫోనుతో పని జరిగిపోయిందని ఆఫీసులో చెప్పుకున్నాను. ఫోన్ చేసిన మాట నిజమే, ఎవరూ ఎత్తలేదు. కాగితం పట్టుకుని పల్లెకు వెళితే, నీమా దాన్ని రెండుసార్లు చదివి గుండెకు హత్తుకుంది. నరసమ్మ మాత్రం, "ఎంతకాలమిచ్చినారు?" అని అడిగింది.

"ఏడాది."

"ఏడాదేనా? ఇంత తిరిగి, ఒక్క ఏడాదే తెచ్చినావా?"

రూలు చెప్పేటప్పుడు అందులో భయం కలిపితే, మనుషులు రూలు మరిచిపోయి భయాన్నే గుర్తుపెట్టుకుంటారని ఆ ఫైలుతో నాకు తెలిసింది. ఆ తర్వాత విదేశీ విద్యార్థికి ఎవరు ఇల్లిచ్చినా, ముందు ఆ ఇంటివాళ్లను పోలీసు ఆఫీసుకు తీసుకెళ్లి, విచారణకు వచ్చే కానిస్టేబులు పక్కనే కూర్చోబెట్టి టీ ఇప్పించేవాణ్ణి. ఇప్పించేవాణ్ణని రాశాను గానీ, చాలాసార్లు ఆ టీ తెప్పించింది కానిస్టేబులే.