బడిలో బీడీల కార్ఖానా

నడుస్తున్న బడిని ఒక్క పూటలో ముంచడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. అనుభవంతో చెబుతాను.

అప్పుడు నేను కోరుట్ల పక్క పల్లెలో కొత్త పంతులును. ఒకటే గది, గుప్పెడు మంది పిల్లలు. వాళ్లలో అక్షితకు పది దాటి లెక్క రాదు. వాళ్లమ్మ రాజవ్వ ముందే తేల్చేసింది.

"సారూ, రేపు అచ్చి సూస్త. నా బిడ్డకు లెక్కలస్తె సరి, లేకుంటె కోరుట్ల ప్రైవేటు బడి బస్సెక్కిస్త."

ఆ పిల్ల పోతే మిగతావాళ్లూ ఆ బస్సే ఎక్కుతారు. ఇక బడికి తాళమే. అయినా నాకేం భయం? ఆటలతోనే చదువొస్తుందని జగిత్యాలలో శిక్షణ పొంది అప్పుడే వచ్చాను! తెల్లారి పెళ్లికొడుకులా తరగతిలోకి నడిచాను.

"ఇయ్యాల పుస్తకాల్లేవు. ఇంటికాడ ఏ ఆట ఆడుతరో గదే ఆడుర్రి. ఆడుకుంట లెక్కపెట్టుర్రి."

అష్టాచెమ్మ ఆడతారనుకున్నాను. మీరైనా అంతేగా! వాళ్లు బయటికి పరుగెత్తి ఒడినిండా మోదుగాకులు తెచ్చారు. మధ్యాహ్నం వంట చేసే అమ్మ చాటలు లాక్కొచ్చారు. చాటలు ఒళ్లో పెట్టుకుని ఆకులు కత్తిరించి, తంబాకు బదులు సుద్దపొడి పోసి, చుట్టి దారం కట్టసాగారు.

"ఏందే ఇది?"

"బీడీలాట సార్. నేను కార్ఖానా సేటును. మీరు గూడ చాట పట్టుర్రి" అంది అక్షిత.

పట్టాను. అదీ నా తెలివి. బీడీలను పదేసి కట్టలుగా కడుతూ ఇరవై, ముప్పై, వంద దాకా ఆ పిల్ల గడగడా చెబుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జగిత్యాలలో ఇక శిక్షణ ఇచ్చేది నేనేనని కూడా అనుకున్నాను.

"గిదేం చుట్టుడు సార్? అన్ని వంకర్లే! నాకద్దు" అని నా బీడీలు నా మీదే విసిరింది.

"తప్పయింది సేటూ, గీ ఒక్కసారి తీస్కో" అని బతిమాలుతూ తలెత్తాను. గుమ్మంలో రాజవ్వ. ఇంట్లో బీడీల ఆకు కత్తిరించి కత్తిరించి ఆమె వేళ్లన్నీ కాయలు కాచి ఉన్నాయి.

"అక్కా, గివి లెక్కలే! వంద దాకా చెప్తది, వినుర్రి!"

"నా బిడ్డ గీ ఆకు ముట్టద్దనే బడికి తోలిన సారూ. ఇంట్ల చాట పడితె చెయ్యి మీద కొడ్త. మీరేమో బడిల్నే పట్టిచ్చిర్రు."

తల్లి మొహం చూసింది అక్షిత. వంద కాదు గదా, ఒకటి కూడా చెప్పలేదు.

మర్నాడు పసుపు బస్సు వచ్చింది. అక్షిత ఎక్కింది. ఆ పిల్ల వెనకే మిగతావాళ్లూ ఎక్కారు. మీరు నవ్వుతారు గానీ, ఆ ఖాళీ గదిలో నేను నిజంగానే ఏడ్చాను.

ఏడుపు ఆపుకుని బయటికొస్తే బస్సు మలుపు తిరుగుతోంది. దాని వెనక పెద్దపెద్ద అక్షరాలు: "మా బడిలో ఆటపాటలతోనే చదువు."

అందుకే నల్లబల్ల మీద చెయ్యి వేసి ఒట్టేస్తున్నాను. ఇకమీద ఏ పిల్లల్ని ఆడమన్నా, ముందు వాళ్ల అమ్మల చేతులు చూసే ఆడమంటాను. ఏ సేటు ఎంత గద్దించినా చాట మాత్రం పట్టను.